డోర్నకల్ బిషప్ అజరయ్య గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

ప్లాట్‌ఫాం_నంబర్_2
మొన్న కాజీపేట నుంచి బెజవాడ వెళ్తుంటే మా బండిని డోర్నకల్ జంక్షన్‌లో ముప్పావు గంట ఆపేశారు. నాకు తెలిసినంతవరకు డోర్నకల్ అంటే ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు లైను చీలే చోటు, అంతే. ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన మాత్రం "బాబూ, ఇండియాలో మొదటి ఇండియన్ ఆంగ్లికన్ బిషప్పు కూర్చున్న ఊరు ఇది, కలకత్తా కాదు, మద్రాసు కాదు, ఇదీ" అన్నారు. పేరు అజరయ్య, తమిళాయన అని కూడా చెప్పారు. ఇంకేదో అడగబోతుంటే బండి కదిలింది, ఆయన ఖమ్మంలో దిగిపోయారు.

నిజమేనా? నిజాం రాజ్యంలో ఓ మూల ఉన్న పల్లెటూరికి ఒక తమిళాయన బిషప్ ఎలా అయ్యాడు? మెదక్ చర్చి కట్టించింది కూడా ఈయనేనా? నేను క్రిస్టియన్‌ని కాదు, చిన్న డౌట్లు అడిగితే నవ్వకండి.

చరిత్ర_పిచ్చోడు
నవ్వేదేముంది బ్రదర్. ముందు మెదక్ సంగతి తేల్చేద్దాం, ప్రతిసారీ ఈ పొరపాటు జరుగుతుంది. మెదక్ చర్చి కట్టించింది పోస్నెట్ దొరగారు. ఆయన మెథడిస్టు మిషనరీ, బిషప్ కాదు. అజరయ్య వేరు, ఆంగ్లికన్ అంటే ఇంగ్లండు రాజు సంఘం శాఖ. ఇప్పుడు రెండూ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లోనే ఉన్నాయి కాబట్టి జనం కలిపేస్తారు.

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి కూడా పాస్టరే, నాడార్ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చినాయన. పిల్లాడికి పద్నాలుగో పదిహేనో ఏళ్ళప్పుడు తండ్రి పోతే తల్లే పెంచింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ చివరి పరీక్షల ముందు జబ్బు చేసి డిగ్రీ చేతికి రాలేదు, తర్వాత మళ్ళీ రాయనూ లేదు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, చూడండి ఎలా ఉందో.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం జరిగింది. వయసు 38. పోయింది 1945 జనవరి 1న, డోర్నకల్‌లోనే. మధ్యలో 32 ఏళ్ళు ఇంకో పెద్ద ఊరికి మారలేదు, అది నాకు బాగా నచ్చే సంగతి.

బెజవాడ_పిల్ల
అయ్యో, బెజవాడలో బిషప్ అజరయ్య హైస్కూల్ ముందునుంచి వందసార్లు నడిచాను, ఎవరో తెల్లాయన అనుకున్నాను ఇన్నాళ్ళూ 😅

నాస్తిక_నారాయణ
నేనో మాట అడుగుతా, ఎవరూ ఫీలవద్దు. 1909లో డీకను (పాస్టరుకి ముందు మెట్టు), అదే ఏడాది చివర్లో ప్రీస్టు (పాస్టరు), 1912లో బిషప్. మూడేళ్ళు! ఐటీ కంపెనీలో కూడా ఇంత స్పీడు ప్రమోషన్లు ఉండవు. ఒక్క ఊళ్ళో సంఘం నడిపిన అనుభవం కూడా లేని మనిషిని తెచ్చి కుర్చీ మీద కూర్చోబెట్టారంటే నాకైతే ఒకటే అర్థం, "చూడండి మేమూ నల్లవాడికి పదవి ఇచ్చాం" అని చూపించుకోడానికి పెట్టిన బొమ్మ. తెల్లవాళ్ళు తక్కువగా ఉన్న మారుమూల చూసి మరీ పంపారు కదా, అక్కడ ఏం చేసినా ఎవరికీ తగలదని.

చరిత్ర_పిచ్చోడు
నారాయణ గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, ఆ సగం ముందే ఒప్పుకుంటా. మొదట్లో ఆ డయాసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం) చాలా చిన్నది. అప్పటికే పెద్ద సంఘాలున్న తిరునెల్వేలికి ఆయన్ని బిషప్ చేసే ధైర్యం ఎవరికీ లేదు. తెల్ల మిషనరీలు "మేం ఒక ఇండియన్ కింద పనిచేయాలా" అన్నారు, అది మామూలే. అంతకంటే బాధేమిటంటే మన దేశపు క్రైస్తవుల్లోనే పైకులాల నుంచి వచ్చినవాళ్ళు కొందరు "నాడార్ బిషప్పా" అని ముఖం తిప్పుకున్నారు. ఇదంతా తోసేసి పట్టుబట్టింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. (తత్వవేత్త వైట్‌హెడ్ ఉన్నాడే, ఆయనకి సొంత అన్న.)

ఇక మూడేళ్ళ లెక్క. ఆయన ఉద్యోగ జీవితం 1909లో మొదలవలేదండీ, 1895లో మొదలైంది. పద్నాలుగేళ్ళు వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) సెక్రటరీగా దక్షిణాదంతా తిరిగాడు. 1902లో జాఫ్నా వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మనుషుల్ని సువార్తకి పంపడం చూసి సిగ్గుపడి వచ్చాడు. మరుసటేడు, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. షరతు ఒకటే, డబ్బు మనది, మనిషి మనవాడు, పెత్తనం మనది. ఆ సొసైటీ ఏరుకున్న చోటే డోర్నకల్ ప్రాంతం. 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్ళలోనూ ముఖ్యుడు.

అంటే డోర్నకల్‌కి ఆయన్ని ఎవరో బదిలీ చేసి పారేయలేదు. తమిళ పల్లెల్లో తాటిచెట్లెక్కి బతికే బీదవాళ్ళు కానుకలేసి, తెలుగువాళ్ళ కోసం మనుషుల్ని పంపుతుంటే, "ఇంతమందిని వెళ్ళమంటున్నాను, నేనెందుకు వెళ్ళను" అని వైఎంసీఏ ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ముప్పై నాలుగు దాటాక కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. బొమ్మ అయితే మద్రాసులో బంగళా అడిగేది.

మాంచెస్టర్_మిరపకాయ
ఇక్కడ ఇంకో పాత కథ కలపాలి. అజరయ్య కంటే దాదాపు యాభై ఏళ్ళ ముందు ఆఫ్రికాలో శామ్యూల్ అజాయి క్రౌథర్ అని ఒకాయన ఉన్నాడు. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి, బయటపడి, 1864లో కాంటర్‌బరీలో బిషప్‌గా అభిషేకం పొంది నైజర్ ప్రాంతపు సంఘాల్ని చూసుకున్నాడు. ముసలితనంలో ఇంగ్లండు నుంచి కుర్ర మిషనరీలు దిగి, ఆయన మనుషుల్ని ఒక్కొక్కరినీ తీసేసి, చేతులు కట్టేశారు. 1891 డిసెంబర్ 31న ఆయన పోతే ఆ స్థానంలో మళ్ళీ తెల్లాయన్నే పెట్టారు.

కాబట్టి 1912 అభిషేకం మీద క్రౌథర్ నీడ ఉంది. "ఒకసారి చూశాం కదా, వీళ్ళ వల్ల కాదు" అనేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. అజరయ్య ఓడిపోతే ఇంకో యాభై ఏళ్ళు ఎవరికీ ఆ టోపీ పెట్టేవాళ్ళు కాదు. అది ఎంత టెన్షనో ఊహించండి.

ఇక్కడ మా ఊరి చర్చిలో ముసలి పాస్టరమ్మ ఒకావిడ ఉన్నారు, నేను ఇండియా అనగానే "గివ్ అస్ ఫ్రెండ్స్" అన్నారు. నాకు అర్థం కాలేదు, ఇంటికొచ్చి వెతుక్కున్నా.

బెజవాడ_పిల్ల
ఆ కథేంటి అన్నా, మధ్యలో ఆపేశారు?

మాంచెస్టర్_మిరపకాయ
సారీ, షిఫ్టులో ఉన్నా. 1910 జూన్, ఎడిన్‌బరో. ప్రపంచ మిషనరీల మహాసభ. పన్నెండొందల మంది దాకా వచ్చారు, అందులో ఆసియావాళ్ళు ఇరవై మందికి మించరు. అజరయ్యని మాట్లాడమన్నారు. అప్పటికి 35 ఏళ్ళు, బిషప్ కాదు, కొత్తగా ప్రీస్టు అయినవాడు. ఇండియాలో మిషనరీలు ఇండియన్ పాస్టర్లని పనివాళ్ళలా చూస్తారే తప్ప స్నేహితుల్లా చూడరు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టరు అనే సంగతి ముఖం మీదే పెట్టాడు. చివర్లో అన్నమాట ఇది, నా తెలుగులో: "బీదలకు అన్నం పెట్టడానికి మీ ఆస్తులిచ్చారు. కాల్చబడటానికి మీ శరీరాలిచ్చారు. మేం ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితుల్ని ఇవ్వండి!"

బైబిల్ చదివినవాళ్ళకి తెలుస్తుంది, అవి కొరింథీయుల పత్రికలో మాటలు, ప్రేమ లేకపోతే ఇవన్నీ ఇచ్చినా వ్యర్థం అని ఉంటుంది అక్కడ. అంటే మెచ్చుకుంటూనే చెంప మీద కొట్టాడు. హాల్లో చాలామందికి మండింది. దానికి రెండేళ్ళు తిరగ్గానే బిషప్ చేశారంటే నారాయణ గారి 'బొమ్మ' థియరీ నాకు ఆనడం లేదు, బొమ్మ ఇలా నోరెత్తదు.

నాస్తిక_నారాయణ
సరే, బొమ్మ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. స్పీడు ప్రమోషన్ మాత్రం తీసుకోను 😀

మానుకోట_మనవడు
మా ఊరి ముచ్చట అని ఆలస్యంగా చూసిన. మా నాయనమ్మది డోర్నకల్ పక్కనే. ఆమె నోట 'బిషప్' అనే మాట ఎప్పుడూ రాలేదు, 'తండ్రిగారు' అనే అనేది. తండ్రిగారు వస్తున్నారంటే ఊరవతల దాకా డప్పులతో పోయేవాళ్ళట. ఎడ్లబండి మీద వచ్చేది, ఒక్కోసారి సైకిల్ మీద. మా వాడ పిల్లలకి అది పెద్ద వింత, అంత పెద్ద మనిషి సైకిల్ తొక్కుడేందని.

ఆమె చెప్పినవాటిల్లో నాకు గుర్తున్నవి రెండు. బాప్తిస్మం తీసుకునేటప్పుడు ఎవరి చెయ్యి వాళ్ళ నెత్తిమీద పెట్టుకుని "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని గట్టిగా చెప్పాలె. చదువు రానోళ్ళు, పొద్దంతా దొర పొలంల నాట్లేసి వచ్చినోళ్ళు, ఈ మాట మాత్రం తప్పు లేకుండ చెప్పేటోళ్ళట. అంటే సువార్త పాస్టరుగారి పని కాదు, నీ పని. నాకు తెలిసి ఆ డయాసిస్ పెరిగిందే దీని మీద.

రెండోది పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారి ఎసట్లో పొయ్యకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండల వెయ్యాలె, ఆదివారం గుడికి తేవాలె. ఇంట్ల పిల్లలు ఆకలితో ఉన్నా సరే. మా నాయన దీనిమీద కోపంగ ఉండేటోడు, "ఉన్నదే గింత, అందుల తీసుడేంది" అని. నాయనమ్మ ఒకటే మాట అనేది, "ఊరంతా మాకు వేసేదే బిడ్డా, మేం ఇంకొకరికి వేసింది గుళ్ళనే." దాని మీద నేను వాదించలేకపోయిన.

చరిత్ర_పిచ్చోడు
మానుకోట అన్నా, ఈ పోస్టుకి వంద లైకులు. ఆ పిడికెడు బియ్యం మీదే తర్వాత ఆయన క్రైస్తవ కానుకల గురించి చిన్న పుస్తకం రాస్తే అది చాలా భాషల్లోకి వెళ్ళింది. బయటి డబ్బు మీద బతికే సంఘం ఎప్పటికీ బయటివాడి సంఘమే అన్నది ఆయన లెక్క.

నాలుగు దయ్యాలు అనేవాడు ఇంకా. మురికి, రోగం, అప్పు, తాగుడు. ప్రసంగాల్లో సైతాను కంటే వీటి మీదే ఎక్కువ పడేవాడు. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ గారిని కూడా మర్చిపోకూడదు. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1898లో పెళ్ళి, కట్నం లేకుండా. పల్లె బోధకుల్ని తయారుచేసే చోట వాళ్ళ భార్యలకి కూడా చదువు చెప్పేవారు. ఊరికి బోధకుడొక్కడే వెళ్తే సగం పని, ఆమె కూడా వెళ్తే పూర్తి పని అని.

పేట_రోడ్డు
ఇంతవరకు అంతా పొగడ్తలే ఉన్నాయి కాబట్టి ఒక మాట. నేను ఆ సంఘాల్లో పుట్టినవాణ్ణే, మా వాడవాణ్ణే. అజరయ్య డయాసిస్‌లో చేరింది ఎవరు? నూటికి తొంభై పైన మాలలు, మాదిగలు. ఆయన పోయేనాటికి రెండు లక్షల పైచిలుకు. దీన్ని చరిత్ర పుస్తకాలు 'మాస్ మూవ్‌మెంట్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి, ఏదో వరదలో కొట్టుకొచ్చినట్టు. వరద కాదు, ఒక్కో వాడ కూర్చుని, పెద్దమనుషులు మాట్లాడుకుని, దొర ఏమంటాడో, కూలి ఉంటుందో పోతుందో లెక్కేసుకుని తీసుకున్న నిర్ణయం.

1935లో యేవలాలో అంబేడ్కర్ "హిందువుగా చావను" అన్నాక గొడవ ముదిరింది. గాంధీగారికి ఈ సామూహిక బాప్తిస్మాలు అస్సలు నచ్చలేదు. 1936లో అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మోట్‌తో మాట్లాడుతూ "ఆవుకి సువార్త చెప్తారా? అంటరానివాళ్ళలో కొందరు అర్థం చేసుకోవడంలో ఆవులకంటే కనాకష్టం" అనే అర్థం వచ్చేట్టు అన్నారు, హరిజన్ పత్రికలోనే అచ్చయింది. అజరయ్య జవాబు ఏమిటంటే, రండి మా పల్లెలు చూడండి, తాగుడు మానినవాళ్ళని, అప్పు తీర్చినవాళ్ళని చూడండి, వీళ్ళకి అర్థం కాలేదంటారా అని. మా వాళ్ళకి మెదడుందని వాదించినవాళ్ళలో ఆయన ఒకడు, అది మాకు గుర్తుంది.

కానీ. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దు అన్నవాడూ ఆయనే. రాజకీయ లాభం కోసం మతం మారారనే మాట పడకూడదని. సూత్రంగా బావుంది. దాని ఖరీదు కట్టింది ఎవరు? కట్టింది బిషప్ కాదు. ఇంకోటి, క్రమశిక్షణ పేరుతో సంఘంలో పిల్లల పెళ్ళిళ్ళ మీద, తాగుడు మీద, జాతరల మీద పెట్టిన శిక్షలు చిన్నవి కావు. 'తండ్రిగారు' అనే మాటలో ప్రేమా ఉంది, భయమూ ఉంది.

మానుకోట_మనవడు
@పేట_రోడ్డు భయం సంగతి నిజమే అన్నా. నాయనమ్మ కూడా ఆయన పేరు చెప్పేటప్పుడు కొంగు సర్దుకునేది, చచ్చిపోయి యాభై ఏళ్ళయినా.

నాస్తిక_నారాయణ
మాల చర్చి, మాదిగ చర్చి అని ఇప్పటికీ ఉన్నాయి కదా. మరి అజరయ్య కులం పోగొట్టలేదనేగా?

పేట_రోడ్డు
పోగొట్టలేదు. ఎవరు పోగొట్టారు చెప్పండి, వాళ్ళ దగ్గరికి వెళ్దాం. ఆయన ఒకటి మాత్రం చేశాడు, ఒకే గిన్నెలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవాల్సిందే అన్నాడు. గుళ్ళో ఆ ఒక్క గంట. బయటికొచ్చాక మళ్ళీ ఎవరి బావి వాళ్ళదే.

మోడరేటర్_అక్క
చర్చ బాగా నడుస్తోంది, థ్యాంక్స్ అందరికీ. ఈ మతం మంచిదా ఆ మతం మంచిదా అని రెండు కామెంట్లు వచ్చాయి, తీసేశాను. అజరయ్య గారి మీదే ఉండండి.

నంద్యాల_నల్లరేగడి
మా వైపు కథ ఒకటుంది, ఎవరూ చెప్పట్లేదు. ఆయన జీవితంలో సగం శ్రమ సంఘాల ఐక్యత కోసమే. 1919 మేలో తమిళ తీరంలోని ట్రాంక్విబార్‌లో ముప్పై మూడు మంది పాస్టర్లు కూర్చుని "మనకు సంబంధం లేని విడిపోకల వల్ల మనం చీలి ఉన్నాం" అని ఒక ప్రకటన చేశారు, ఇద్దరు తప్ప అందరూ ఇండియన్లే, ముందు నడిపింది అజరయ్య. నిజమే కదా, ఇంగ్లండులో ఏ రాజుకో పెళ్ళి గొడవొస్తే దాని వల్ల నంద్యాలలో ఒక మాలపల్లెకి ఆంగ్లికన్ గుడి, ఇంకో మాలపల్లెకి ఇంకో గుడి ఏంటి? చీలికలు మీ దేశాల్లో బలహీనత అయితే అయ్యుండొచ్చు, మా దగ్గర అది పాపం అని తెల్లవాళ్ళ సభల్లోనే అన్నాడు.

ఆ చర్చలు ఇరవై ఎనిమిదేళ్ళు సాగి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ పుట్టింది. ఆయన చూడలేదు, రెండున్నరేళ్ళ ముందే పోయాడు. ఇక్కడ విచిత్రం ఏమిటంటే ఆయన డయాసిస్‌లోనే ఉన్న మా నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరలేదు! మేం ఎస్పీజీ (ఇంగ్లండు ఆంగ్లికన్ మిషన్ ఒకటి) వాళ్ళం, మా పద్ధతి మాది అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత గానీ కలవలేదు. మా తాత బతికున్నంతకాలం "మేం సీఎస్ఐ కాదు" అనే అనేవాడు. ఐక్యత తెచ్చినాయన ఇంటి అరుగు మీదే అలిగి కూర్చున్నారన్నమాట మావాళ్ళు.

బెజవాడ_పిల్ల
😂😂 'అరుగు మీద అలిగి' సూపర్. మా కృష్ణా జిల్లా కూడా డోర్నకల్ కిందేనా అప్పట్లో?

చరిత్ర_పిచ్చోడు
అవునండీ. బందరులో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ, ఇంకో ఆంగ్లికన్ మిషన్) వాళ్ళు 1841 నుంచీ ఉన్నారు, నోబుల్ కాలేజీ వాళ్ళదే. 1920ల నాటికి ఆ సంఘాలన్నీ డోర్నకల్ బిషప్ కిందికి వచ్చాయి. అంటే ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్న బందరు ఇంగ్లీషు మిషనరీలు డోర్నకల్లో ఉండే ఇండియన్ బిషప్‌కి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1912లో ఇచ్చింది మూల అయినా, పదేళ్ళలో మూల పెద్దదై ఇల్లంతా పాకింది. నారాయణ గారి మొదటి ప్రశ్నకి నా అసలు జవాబు ఇదే.

ఆయన తర్వాత మళ్ళీ తెల్లాయనే వచ్చారు, ఎలియట్ గారు. ఆయన అప్పటికే అజరయ్యకి సహాయ బిషప్‌గా పదేళ్ళు చేసి ఉన్నారు. ఒక ఇంగ్లీషాయన ఒక ఇండియన్ కింద పదేళ్ళు పనిచేసి ఆ కుర్చీ ఎక్కడం, క్రౌథర్ కథకి సరిగ్గా తిరగేసినట్టు.

ప్లాట్‌ఫాం_నంబర్_2
రెండ్రోజులు లాగిన్ అవలేదు, ఇంత నడిచిందా! అందరికీ దండాలు. మళ్ళీ అటు వెళ్ళే పని ఉంది, ఈసారి దిగి చూద్దామని. అక్కడ చూడ్డానికి ఏముంది?

మానుకోట_మనవడు
కథీడ్రల్ ఉంది కదా, దానికోసమే రండి. ఎపిఫనీ కథీడ్రల్ అంటారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ. దూరం నుంచి చూస్తే మసీదు అనుకుంటారు, గుమ్మటాలు, మినార్ల లెక్క కట్టిండ్రు. దగ్గరికి పోతే స్తంభాలు గుడి స్తంభాలు, మీద తామరపూలు, ఉమ్మెత్తపూలు చెక్కి ఉంటయి. ఇంగ్లీషు చర్చిలాగ సూది గోపురం కావాలంటే దొరకదు. నిజాం రాజ్యంల ఉంటూ, తెలుగు కూలోళ్ళ కోసం, తమిళాయన కట్టిన గుడి ఇంకెట్లుంటది.

పక్కనే ఆయన సమాధి.

పేట_రోడ్డు
ఉమ్మెత్త విషం కదా, చావుకి గుర్తట. తామర దాని తర్వాత వచ్చేది. మా పాస్టరుగారు చిన్నప్పుడు చెప్పారు.

నాస్తిక_నారాయణ
నేనూ వస్తా బ్రదర్, ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి. దేవుడి కోసం కాదు, ఆ స్తంభాలు చూడాలి.

ప్లాట్‌ఫాం_నంబర్_2
జనవరి 6కి ప్లాన్ చేద్దామా మరి? మానుకోట అన్నా, ఆ రోజు జనం ఎక్కువ ఉంటారా?

మానుకోట_మనవడు
ఎపిఫనీ పండుగ కదా, ఉంటరు. రండి, స్టేషన్‌కి నేనొస్తా. తినడానికి మా ఇంటికే. నాయనమ్మ బియ్యం కుండ ఇంకా ఉంది, అంచు పగిలింది, చూపిస్తా.

నంద్యాల_నల్లరేగడి
నన్నూ కలుపుకోండి. మా తాత తరపున అలక తీర్చుకుని వస్తా.